నలభై మూడో కొక్కెం

ఆ పొద్దున ఆకాశం వాన పడుతుందని గానీ పడదని గానీ చెప్పకుండా పెంకగుట్ట మీద బూడిదరంగు గొంగడి కప్పుకొని కూర్చుంది. ఓదెలు తలెత్తి చూశాడు. ఫైలు కదిలిందా అని అడిగితే యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా పెట్టే మొహం గుర్తొచ్చింది. ఎందుకైనా మంచిదని గొడుగు చంకన పెట్టుకొని డ్యూటీకి బయల్దేరాడు.

ఓదెలు పెంకగుట్ట ఇంజినీరింగు, గనుల విశ్వవిద్యాలయంలో ల్యాంప్‌రూమ్ అటెండరు. విశ్వవిద్యాలయం వెనక, గుట్టలోకి ఏటవాలుగా తవ్విన చిన్న బొగ్గు బాయి ఒకటుంది. అందులో ఇప్పుడు బొగ్గు తీయరు. గని చదువు చదివే పిల్లలు లోపలికి దిగి దుంగలు నిలబెట్టడం, పైకప్పును తట్టి చప్పుడు వినడం నేర్చుకుంటారు. బాయి నోటి దగ్గర రేకుల గది. అదే ల్యాంప్‌రూమ్. లోపలికి పోయేవాళ్లకు టోపీ దీపాలు, గమ్ బూట్లు ఇచ్చేది అక్కడే.

ఆ గది గోడకు ఒక చెక్క పలక ఉంది. పలకకు నలభై మూడు కొక్కేలు, కొక్కేనికొక ఇత్తడి బిళ్ల, బిళ్లకొక నెంబరు. దిగేవాళ్లు బిళ్ల తీసి మెడలో వేసుకుంటారు, పైకొచ్చి మళ్లీ తగిలిస్తారు. పలక నిండితే అందరూ వచ్చినట్టు. ఒక్క కొక్కెం బోసిగా ఉన్నా బాయి గేటుకు తాళం పడదు, బయట అరుగు మీద ఒక్కరు కూడా సద్ది మూత తీయరు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. పందొమ్మిది వందల యాభై ఏడులో ఆ రేకుల కిందే నలభై మూడు మందిని కూర్చోబెట్టి గనిలో కూలీల పని చూసే ముసలి ఓవర్‌మన్ ఒకాయన పాఠం మొదలుపెట్టాడట. మొదటి రోజు చెప్పిన పాఠం ఈ బిళ్లలదేనట. ఓదెలుకు తెలిసిన యూనివర్సిటీ చరిత్ర అంతే.

ఓదెలు ఎక్కువ మాట్లాడడు. బిళ్లల విషయంలో మాత్రం ఇరవై ఆరేళ్లలో ఒక్కరోజు కూడా కన్ను మలపలేదు. కారణం ఉంది. వాళ్ల అన్న కనకయ్య కంపెనీ బాయిలో పనిచేసేవాడు. ఒక శనివారం ఎవరో తొందరలో బోసిగా ఉన్న అన్న కొక్కేనికి లెక్కలో లేని పాత బిళ్ల తగిలించి ఇంటికి పోయారు. పలక నిండింది, తాళం పడింది. సోమవారం పొద్దున గేటు తెరిచేదాకా కనకయ్య చీకట్లో కూర్చున్నాడు. బతికే వచ్చాడు గానీ, ముప్పై ఏళ్లు దాటినా ఇంట్లో దీపం ఆర్పనివ్వడు.

ఆ మబ్బు పొద్దున ల్యాంప్‌రూమ్ తెరిచేసరికి యూనివర్సిటీ గేటూ బాయి గేటూ రెండూ చూసే కావలి చాంద్ పాషా ఎదురొచ్చాడు.

"ఓదెలన్నా, నిన్ను పెద్దాఫీసుకు పిలుస్తున్నరు. పలక ఎత్తుకొని రమ్మన్నరు."

"పలక గోడకున్నది గదా."

"గోడ సంగతి చెప్పలే. పలక సంగతే చెప్పిన్రు."

ఓదెలు పలకను వదిలేసి తాను మాత్రం వెళ్లాడు.

పెద్దాఫీసులో వైస్ చాన్సలర్ ఆచార్య దివాకర వర్ధన్ గారు అధ్యక్షత వహిస్తున్నారు. ఆయన ఎక్కడ కూర్చున్నా అధ్యక్షత వహిస్తున్నట్టే ఉంటుంది. పక్కన రిజిస్ట్రార్ దక్షిణామూర్తి గారు. మూలన రాళ్ల చదువు చెప్పే శశిరేఖ మేడం, ముందు ఒక నోటుబుక్కు. యూనివర్సిటీ చరిత్ర రాసే పని ఆమెకు పడింది, ఎందుకంటే ఆ పని అప్పజెప్పిన రోజు స్టాఫ్ మీటింగుకు ఆలస్యంగా వచ్చింది ఆమె ఒక్కతే.

సంగతేమిటంటే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట విశ్వవిద్యాలయాల హోదా వాటి వయసును బట్టి. డెబ్బై ఐదేళ్లు నిండితే 'విశిష్ట', నూరు నిండితే 'ప్రతిష్ఠిత', ఎంత వయసో లెక్క కూడా అందకపోతే 'అనాది'. అనాది విశ్వవిద్యాలయపు వీసీ గారికి సభల్లో మొదటి కుర్చీ.

"మన స్థాపన యాభై ఏడు అని ఎవరు చెప్పారు?" అన్నారు వీసీ.

"గేటు మీద రాసి ఉంది సార్," అంది శశిరేఖ.

"రాసినవాడెవడు?"

"పెయింటర్ సార్."

"పెయింటర్ చెప్పింది మనం చరిత్రగా స్వీకరించాలా?"

రిజిస్ట్రార్ గొంతు సవరించుకున్నారు. "సదరు సంవత్సరం విషయంలో సమర్థ అధికారి నుంచి ముందస్తు ఆమోదం పొందిన దాఖలా లేదు. కావున యాభై ఏడు అనునది నేటి నుంచి తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది."

అట్లా యాభై ఏడు సస్పెండయింది. ల్యాంప్‌రూమ్ రేకులు ముప్పై ఒకటిలో వేసినవని ఎవరో అన్నారు గనక గేటు మీద ముప్పై ఒకటి వేశారు. నెల తిరక్కుండానే ఇంకో కబురు అందింది. అవతలి జిల్లాలో తుప్పలపాడు ఇనుప గనుల విశ్వవిద్యాలయం తమ స్థాపన పద్దెనిమిది వందల డెబ్బై అని ప్రకటించుకుంది. వీసీ గారు ఆ పూట భోజనం ముట్టలేదు. మర్నాడు కమిటీ కూర్చుంది. వెనకటికి గుట్టకింద ఒక గొర్రెల కాపరి మూడు నల్లరాళ్లు పొయ్యిగా పెట్టి అన్నం వండుకుంటే, అన్నంకన్నా ముందు పొయ్యే కాలిపోయిందని అక్కడ ముసలివాళ్లు చెప్పుకుంటారు. అది ప్రయోగమేనని, ప్రయోగం జరిగిన చోటు ప్రయోగశాలేనని, ప్రయోగశాల ఉన్నాక విశ్వవిద్యాలయం ఉన్నట్టేనని కమిటీ తేల్చింది. గేటు మీద పద్దెనిమిది వందల నలభై పడింది.

"సార్, ఆ కాపరి ఫలితం రికార్డు చేయలేదు," అంది శశిరేఖ.

"మన వాళ్లు ఇప్పటికీ చేయరు," అన్నారు వీసీ. "అది మన సంప్రదాయానికి తొలి ఆధారం. రాసుకోండి."

ఆధారాల వేటలో బిళ్లల వంతు వచ్చింది. ఒకరోజు రిజిస్ట్రార్ గారే ఇద్దరు అటెండర్లతో ల్యాంప్‌రూమ్‌కు వచ్చి, నలభై మూడు బిళ్లలనూ తెల్ల చేతితొడుగులతో తీయించి ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద పరిపించారు. పెద్దాఫీసు వరండాలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయించారు. తాళంచెవి వీసీ గారి జేబులోకి పోయింది.

"సార్," అన్నాడు ఓదెలు. "బిళ్లలు లేకుంట పిల్లలను లోపలికి ఎట్ల దింపాలె?"

"సదరు బిళ్లలు నేటి నుంచి వారసత్వ వస్తువులు. వాటిని వాడుట నేరము."

"వాడెతందుకే గద సార్ చేసిన్రు."

"వాటికి బదులు భూగర్భ ప్రవేశ ధ్రువీకరణ పత్రము ప్రవేశపెట్టడమైనది. మూడు ప్రతులు. నాలుగు పనిదినముల్లో సంతకము చేసి పంపెదము. రిజిస్టరులో పేరున్నవారే లోపల ఉన్నట్టు. లేనివారు లేనట్టే."

"నాలుగు దినాలైతే ఆ పిల్లలు లోపల్నే ఉంటరా సార్?"

రిజిస్ట్రార్ గారు అటెండర్లను తీసుకొని వెళ్లిపోయారు. ఆ ప్రశ్న నిర్ణీత నమూనాలో లేదు.

ఓదెలు బోసి పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. తెల్లారి పిల్లలు వచ్చి చెప్పులు విడిచి గమ్ బూట్లు తొడుక్కుంటుంటే వాళ్ల కాళ్లకేసి చూశాడు. ఒక్కొక్కరి దగ్గర కుడికాలి చెప్పు తీసుకొని ఒక్కో కొక్కేనికి వేలాడదీశాడు. అరగంటలో పలకంతా చెప్పులే. రబ్బరు స్లిప్పర్లు, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి, ఒక ఆడపిల్ల మెరుపుల చెప్పు.

"కాకా, నా చెప్పును ఉరితీసినవా?" అంది మెరుపుల చెప్పుల పిల్ల.

"పైకొస్తే దించుత."

"రాకపోతే?"

"ఒంటి చెప్పుతోని ఇంటికి ఎట్ల పోతవు? అందుకే తప్పకుంట వస్తవు."

ఇప్పుడు లెక్క తిరగబడింది. బిళ్లలున్నప్పుడు పలక నిండితే అందరూ వచ్చినట్టు. చెప్పులతో పలక ఖాళీ అయితే అందరూ వచ్చినట్టు. పిల్లలకు ఒక్కరోజులో అలవాటైంది. రిజిస్ట్రార్ గారికి కాలేదు. 'వారసత్వ ఫలకముపై పాదరక్షలు వేలాడదీసిన అనుచిత చర్యకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను' అని మెమో వచ్చింది. ఓదెలు దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్లకోడు కింద పెట్టాడు. బల్ల కుదురుకుంది.

శశిరేఖ మేడం చరిత్ర రాసుకుంటూ ఒకరోజు బాయిలోకి దిగింది. పక్కగోడ మీద నాలుకలాంటి ఆకు అచ్చు ఒకటి చూపించి, కూడా వచ్చిన వీసీ గారికి చదువు చెప్పే అలవాటు కొద్దీ అనేసింది. "ఈ ఆకు రాలి ఇరవై ఐదు కోట్ల ఏళ్లయింది సార్. ఇట్లాంటి చెట్లే బొగ్గయ్యాయి."

వీసీ గారు అక్కడే ఆగిపోయారు.

"మనం చెప్పేది ఏ చదువు?"

"బొగ్గు చదువు సార్."

"బొగ్గు ఎప్పుడు మొదలైంది?"

శశిరేఖకు అప్పుడు అర్థమైంది తానేం చేసిందో. కానీ మాట నోరు దాటిపోయింది.

కమిటీలో రిజిస్ట్రార్ గారు లేచి నిలబడి మరీ సమర్థించారు. "సదరు ఆకు రాతిపై స్పష్టముగా ముద్ర వేసినది. ముద్ర ఉన్నది గనుక ఉత్తర్వు చెల్లును." ఆకు ఏ నెలలో, ఏ తేదీన రాలిందన్న దగ్గర కొంత చర్చ నడిచింది. చివరికి వీసీ గారి పుట్టినరోజునాడే రాలిందని తీర్మానించారు. ఆకు తరఫున ఎవరూ అభ్యంతరం చెప్పలేదు గనక ఏకగ్రీవం. వచ్చే సోమవారమే ఆ రోజు. ఇరవై ఐదు కోట్లవ స్థాపన దినోత్సవానికి సెలవు ఇచ్చారు. ఆకును ఫొటో తీయించి, వ్యవస్థాపకుల స్థానంలో కట్టించి దండ వేశారు.

పెయింటర్‌కే కష్టం వచ్చింది. గేటు పలక మీద నాలుగంకెలకే చోటుంది. ఇరవై ఐదు వేసి, రెండు సున్నాలు పలక మీద, మూడు స్తంభం మీద, మిగిలిన రెండూ చాంద్ పాషా కావలి గది గోడ మీద వేశాడు. ఎవరు చిరునామా అడిగినా చాంద్ పాషా "చివరి రెండు సున్నాల దగ్గర ఉంట" అని చెప్పడం మొదలుపెట్టాడు.

శుక్రవారం సాయంత్రం తుప్పలపాడు నుంచి కబురొచ్చింది. వాళ్లది ఇనుప చదువు. ఇనుపరాయి బొగ్గుకన్నా చాలా పాతది. వాళ్ల స్థాపన రెండు వందల యాభై కోట్ల ఏళ్ల కిందట.

శనివారం పొద్దున వీసీ గారు రిజిస్ట్రార్‌ను, శశిరేఖను వెంటబెట్టుకొని బాయి దగ్గరికి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బొగ్గు కింద ఏముంటుందమ్మా?"

"రాయి సార్."

"బొగ్గుకన్నా పాతదా?"

శశిరేఖ నేలచూపులు చూసింది. ఈసారి జాగ్రత్తపడాలనుకుంది గానీ రాయి వయసు దాచడం ఆమెకు చేతకాలేదు. "పాతదే సార్. చాలా."

"దాన్నే చూద్దాం పదండి. రిజిస్టరులో నా పేరు వద్దు. తుప్పలపాడు వాళ్లకు పొక్కుతుంది. రికార్డుల్లో నేను ఈ రోజు, రేపు రాజధాని క్యాంపులో ఉన్నాను."

"చిత్తం," అన్నారు రిజిస్ట్రార్. "మా పేర్లు కూడా రాయనవసరము లేదు. లేని వీసీ గారి వెంట మేము ఉండుట సబబు కాదు."

ఓదెలు గమ్ బూట్లు తెచ్చి ముందు పెట్టాడు. వీసీ గారు నల్లని మెరిసే బూట్లు విడిచారు. ఓదెలు కొత్త టోపీ దీపం ఇవ్వబోతే ఆయన వద్దన్నారు. సోమవారం ఫొటోకు బాగుంటుందని యూనివర్సిటీ మ్యూజియంలోంచి పాత దీపం ఒకటి తెప్పించుకున్నారు.

"అది ఎంతసేపు వెలుగుతదో తెల్వది సార్."

"అది వారసత్వ దీపమయ్యా."

ముగ్గురూ లోపలికి దిగగానే ఓదెలు మూడు పాదరక్షలు తీసి పలకకు తగిలించాడు. రిజిస్ట్రార్ గారి తోలు చెప్పు, శశిరేఖ మేడం శాండిల్, చివరి కొక్కేనికి, నలభై మూడో దానికి, వీసీ గారి కుడికాలి బూటు. నల్లగా మిలమిలలాడుతూ అది గోడకు వేలాడింది.

పిల్లల తరగతి పన్నెండున్నరకు ముగిసింది. ఒక్కొక్కరే పైకొచ్చి చెప్పులు దించుకొని, కాళ్లూ చేతులూ కడుక్కొని, అరుగు మీద సద్ది గిన్నెలు ముందు పెట్టుకొని కూర్చున్నారు. ఒంటిగంటకు పావు తక్కువలో రిజిస్ట్రార్, శశిరేఖ మేడం చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. వాళ్ల పాదరక్షలు దిగాయి.

పలక మీద ఒక్క బూటు మిగిలింది.

"వీసీ సారు ఏరీ?" అన్నాడు ఓదెలు.

"ముందే వచ్చేశారుగా," అన్నారు రిజిస్ట్రార్. వీసీ గారు ఎప్పుడూ అందరికన్నా ముందు నడుస్తారు గనక, ముందర ఎవరూ కనపడకపోతే ఆయన వెళ్లిపోయారనే రిజిస్ట్రార్ గారి లెక్క.

"రాలేదు సార్. బూటు ఇక్కడనే ఉన్నది."

"రాలేదు అనుటకు ముందు వెళ్లినట్టు ఆధారముండవలె. రిజిస్టరు తెరువు."

చాంద్ పాషా రిజిస్టరు తెరిచాడు. ఆ పేరు లేదు.

"చూచితివా? వారు క్యాంపులో ఉన్నారు. ఒంటిగంట కావస్తున్నది. గాలి ఫ్యాను ఆపి గేటుకు తాళము వేయుము. రేపు ఆదివారము, ఎల్లుండి స్థాపన దినోత్సవము. మంగళవారము తెరిచెదము."

అరుగు మీద ఒక్క సద్ది మూత కూడా లేవలేదు. పిల్లలంతా పలక వైపే చూస్తున్నారు.

"సార్, నేను వస్తూ వస్తూ లోపల పక్క సొరంగం దగ్గర ఆయన గొంతు విన్నాను, ప్రతిధ్వని అనుకొని ఆగలేదు," అంది శశిరేఖ.

"అది క్యాంపు నుంచి వినపడినదేమో," అన్నారు రిజిస్ట్రార్. కానీ ఆయన గొంతు కొంచెం తగ్గింది. "సరే. సదరు పాదరక్ష వైస్ చాన్సలర్ గారిదేనని నిర్ధారించవలె."

"ఎవరు నిర్ధారిస్తరు సార్?" అన్నాడు చాంద్ పాషా.

"సమర్థ అధికారి."

"ఆయనెవరు?"

రిజిస్ట్రార్ గారు రిజిస్టరు మూశారు. "వైస్ చాన్సలర్ గారు."

"మరి పిలవండి సార్, నిర్ధారిస్తరు," అంది మెరుపుల చెప్పుల పిల్ల. నవ్వుదామనే అంది గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

ఓదెలు అప్పటికే గమ్ బూట్లు తొడుక్కుంటున్నాడు. టోపీ దీపం పెట్టుకొని దాని బ్యాటరీ నడుముకు కట్టుకున్నాడు. తన టైరు చెప్పు తీసి, నలభై రెండో కొక్కేనికి, ఆ నల్ల బూటు పక్కన తగిలించాడు.

"పాషా."

"చెప్పన్నా."

"నా చెప్పు దిగేదాంక తాళం ముట్టకు. ఫ్యాను ఆపకు. ఎవరు చెప్పినా."

"సమర్థ అధికారి చెప్తే?"

"ఆయననే తెస్త."

"ఇది క్రమశిక్షణా రాహిత్యము," అన్నారు రిజిస్ట్రార్. ఓదెలు వెనక్కి చూడలేదు. చాంద్ పాషా తాళం గుత్తిని అంగీ లోపలికి వేసుకొని, గేటుకు అడ్డంగా స్టూలు వేసుకొని కూర్చున్నాడు.

లోపల దుంగల మధ్య ఓదెలు చప్పుడు చేయకుండా నడిచాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, దుంగ మీద రాయితో మూడుసార్లు కొట్టి విన్నాడు. నాలుగో మలుపు దగ్గర, అడ్డంగా కట్టిన కమ్మీ దాటొద్దని బోర్డు ఉన్నచోట, కమ్మీ అవతలి నుంచి జవాబుగా మూడు దెబ్బలు వినిపించాయి. నెమ్మదిగా, బెరుకుగా.

వీసీ గారు రాతికి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఆరిపోయిన పాత దీపం. ఒకటే గాలి చల్లదనం, నీళ్ల చుక్కల చప్పుడు. ఓదెలు దీపం వెలుగు మొహం మీద పడగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఎవరు?"

"ఓదెలును సార్. ల్యాంప్‌రూమ్."

ఆయన చెయ్యి దించారు. తర్వాత, "నేను లోపల ఉన్నట్టు ఎట్లా తెలిసింది? రిజిస్టరులో లేదుగా," అన్నారు.

"మీ బూటు కొక్కేనికే ఉన్నది సార్."

వీసీ గారు తల వెనక ఉన్న రాతిని చేత్తో తడిమారు. అధ్యక్షత ఎటో పోయింది. ఆ చెయ్యి ముసలాయన చెయ్యిలాగే ఉంది.

"ఇదే ఆ కింది రాయి అనుకుంటా. ఎన్నేళ్లదంటావ్ ఓదెలూ?"

"అది నాకు తెల్వది సార్. మీరు లోపలికచ్చి మాత్రం మూడు గంటల ఇరవై నిమిషాలు."

ఆయన రాతిని పట్టుకొని లేవబోయారు. ఓదెలు చెయ్యి అందించాడు. పైకి వచ్చేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు. వెలుతురు కనపడ్డాక కూడా వదల్లేదు.

బాయి నోటి దగ్గర రిజిస్ట్రార్ గారు ఎదురొచ్చి, "సుస్వాగతము సార్. క్యాంపు నుంచి ఎప్పుడు వచ్చితిరి?" అన్నారు.

వీసీ గారు ఆయన్ని చూసి, చూడనట్టే పలక దగ్గరికి నడిచారు. నలభై మూడో కొక్కెం మీంచి తన బూటు తానే దించుకున్నారు. జేబులో చెయ్యి పెట్టి అద్దాల బీరువా తాళంచెవి తీసి, కాసేపు అరచేతిలో పెట్టుకొని చూశారు. తర్వాత దాన్ని ఖాళీ అయిన ఆ కొక్కేనికి తగిలించారు.

ఓదెలు తన టైరు చెప్పు దించుకున్నాడు.

"మరి సోమవారం గేటు మీద ఏమని రాయమందురు సార్?" అన్నారు రిజిస్ట్రార్. "పెయింటర్ ఇంకొక సున్నాతో సిద్ధముగా ఉన్నాడు."

వీసీ గారు అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. రికార్డుల్లో క్యాంపులో ఉన్నారు గనక గెస్ట్‌హౌసు నుంచి ఆయనకు భోజనం రాలేదు. మెరుపుల చెప్పుల పిల్ల పక్కకు జరిగింది. ఆయన అక్కడ కూర్చున్నారు. శశిరేఖ మేడం ఆ చివరన కూర్చుంది. కాసేపు చూసి రిజిస్ట్రార్ గారు కూడా, ఏ ఉత్తర్వూ లేకుండానే, చాంద్ పాషా పక్కన ఒదిగి కూర్చున్నారు.

అప్పుడు అరుగు పొడవునా మూతలు లేచాయి.

ఓదెలు తన గిన్నెలో ఉన్న రెండు జొన్నరొట్టెల్లో ఒకటి తీసి, మీద పచ్చి మిరపకాయల తొక్కు వేసి, వీసీ గారి చేతిలో పెట్టాడు. ఇంకొకరు ఇంత పప్పు, ఇంకెవరో ఉల్లిగడ్డ ముక్క ఆయన వైపు జరిపారు. పొద్దుటి నుంచి మూసుకొని ఉన్న మబ్బు విడిపోయి, గేటు మీది సున్నాల మీద, పలక మీది తాళంచెవి మీద ఎండ పడింది. ఎవరూ దాన్ని చూడలేదు. అందరూ తలలు వంచుకొని తింటున్నారు.